కొత్తిల్లు అనే పేరు

పొద్దున అందిన ఓ పెళ్లి శుభలేఖలో వరుడి పేరు జేవియర్.
ఎంత దూరం నుంచి నడిచొచ్చిన పేరో!

గోవాలో భౌతికకాయం ఉన్న సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ 1506లో పుట్టింది ఇప్పటి స్పెయిన్‌లోని నవార్రేలో, జేవియర్ కోటలో. ఆ పేరుకు మూలం ఆ ప్రాంతపు బాస్క్ భాషలోని ‘ఎచెబెర్రి’. ‘ఎచె’ అంటే ఇల్లు, ‘బెర్రి’ అంటే కొత్త.

కొత్తిల్లు!

బాస్కుల ఇంటిపేర్లు చాలావరకు ఇళ్ల నుంచి, నేల నుంచి పుట్టినవే. ఇబార్రా అంటే లోయ. మెండోసా అంటే చల్లని కొండ. ఎలిసోండో అంటే చర్చి పక్కన. దక్షిణ అమెరికా స్వాతంత్ర్య యోధుడు సిమోన్ బొలీవర్ ఇంటిపేరులో పిండిమర ఉన్న లోయ దాగుంది. ఆయన పేరు మీదుగా ఆ లోయే బొలీవియా దేశం పేరులోకీ చేరింది.

తెలుగులోనూ ‘ఇంటిపేరు’ అన్న మాటలోనే ఇల్లుంది.

మీ ఇంటిపేరు వెనక ఏ ఊరుందో, ఏ చెట్టుందో పెద్దవాళ్లనడిగి ఇక్కడ రాయండి.