పదకొండు టీషర్టులతో తిరుప్పూరుకి

సంచీలో పదకొండు టీషర్టులున్నాయి. పదకొండూ నేను పాడుచేసినవే. తెనాలి స్టేషన్లో శబరి ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూస్తూ, దొంగసొత్తులా ఆ సంచీని కాళ్ల మధ్య ఇరికించుకుని నిలబడ్డాను.

మాది చిన్న పని. ఇంటి ముందుగదిలో ఒంటితల కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను ఒకటి ఉంది. అది కొనకముందు పన్నెండేళ్లు మగ్గం పని చేశాను. పట్టు జాకెట్టు వీపు మీద నెమలిని కుట్టమన్నా, చేతుల నిండా మామిడి పిందెలు వేయమన్నా నాకు జంకు లేదు. అందుకే వాలీబాల్ ఆడే కుర్రాళ్లు 40 టీషర్టులు తెచ్చి, గుండె మీద బంతి బొమ్మ, దాని కింద ‘తెనాలి’ అని కుట్టిపెట్టమంటే ఇదేమన్నా బ్రహ్మవిద్యా అనుకున్నాను. ఫ్రేములో ఉన్నంతసేపూ బొమ్మ అద్దంలా ఉంది. ఫ్రేము విప్పానో లేదో, నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుని పైకి లేచింది. రెండోదాన్ని ఇంకాస్త బిగించి కుట్టాను. అది ఇంకాస్త ముడుచుకుంది. పదకొండోదానికి బుద్ధొచ్చి మిషను ఆపాను. ఆ షర్టుల డబ్బు చచ్చినట్టు నేనే పెట్టుకున్నాను.

విజయవాడలో నాకు దారాలమ్మే అతను విని నవ్వాడు. “అక్కా, బనియన్ గుడ్డ సంగతి బనియన్ల ఊళ్లో అడగాలి. తిరుప్పూరులో మన తెలుగాయన ఒకరున్నారు, వెళ్లిరా” అన్నాడు.

మార్గశిరం. పెట్టెనిండా నల్లబట్టల స్వాములు, ఇరుముడులు, నేతి వాసన. ఒంగోలు దాకా శరణు ఘోష, ఆ తర్వాత గురకలు. నా ఎదుటి బెర్తు స్వామి వేసుకున్న నల్ల టీషర్టు మీద విల్లు, బాణం కుట్టి ఉన్నాయి. విల్లు చుట్టూ గుడ్డంతా నీళ్లలో రాయి వేసినట్టు అలలు తేలి ఉంది. మనసులో కాస్త ఊరట కలిగిందని ఒప్పుకోవాలి. ఈ పాపం చేసినదాన్ని నేనొక్కదాన్నే కాదన్నమాట.

తిరుపతి ఎప్పుడు దాటామో తెలియలేదు. సేలం తర్వాత మెలకువ వచ్చింది. ఈరోడ్డుకి ముందు బండి కావేరి మీదుగా పోతుంటే స్వాములందరూ లేచి కిటికీలకు చేరి దణ్ణాలు పెట్టారు. ఇంకో గంటకి తిరుప్పూరు.

స్టేషను దగ్గర్లోనే కుమరన్ స్మారకం ఉంది. 1932 జనవరిలో ఊరేగింపులో పోలీసుల లాఠీదెబ్బలకి తలపగిలి పడిపోయినా చేతిలో జెండా వదలని కుర్రాడు. జెండా కాచిన కుమరన్ అంటారు అక్కడ. ఊరికి తెలిసిన పేరు అదొక్కటే. మిగిలినదంతా బనియనే. మిద్దెల ముందు బోర్డులు, ఆటోల వెనక అట్టపెట్టెలు, మురిక్కాలవ గట్టున కత్తిరింపు ముక్కల గుట్టలు, ఎటు చూసినా అదే. ఏ వీధికి ఏ పని అన్నట్టు ఊరు విడిపోయి ఉంది. ఒకచోట దారాన్ని గుడ్డగా అల్లుతారు. ఆ గుడ్డకి ఇంకోచోట రంగు వేస్తారు, మరోచోట ఆవిరి పట్టి కుదింపు చేస్తారు. కత్తిరించేది ఒకరు, అచ్చు వేసేది ఒకరు, కుట్టేది వేరొకరు. ఒక్క టీషర్టు పుట్టేలోగా ఊరంతా తిరుగుతుంది. వీధుల్లో తమిళంతో పాటు హిందీ, ఒడియా, బెంగాలీ చెవిన పడుతూనే ఉన్నాయి.

నొయ్యల్ వంతెన మీద ఆటో ఆగింది. నదిలో నీళ్లు తక్కువ, నురగ ఎక్కువ. ఈ ఊరి రంగునీళ్లన్నీ ఏళ్ల తరబడి ఈ నదిలోకే వదిలారు. దిగువన ఒరత్తుపాళయం ఆనకట్టలో చేరిన నీళ్లతో పొలాలు చెడిపోయాయని రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లన్నీ మూయమంది. చుక్క నీరు కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసుకుంటేనే తెరవాలని షరతు పెట్టింది. నా సంచీలోని ఎర్ర టీషర్టుల ఎరుపు కూడా ఇలాంటి ఏ ఏటినో దాటే వచ్చి ఉంటుంది. తెనాలిలో కూర్చుని రంగు బాగుందంటాం, అంతే.

ఎంబ్రాయిడరీ యూనిట్ ఒక సందులో మేడ మీద. మెట్లు ఎక్కుతుంటేనే చప్పుడు వినిపించింది, రేకుల మీద వడగళ్ల వానలా. లోపల 20 తలల మిషను. ఇరవై తలలూ ఒకేసారి వంగి ఒకేసారి లేస్తున్నాయి. ఇరవై నీలం ముక్కల మీద ఇరవై ఏనుగులు ఒకే తొండంతో మొదలై ఒకే తోకతో పూర్తవుతున్నాయి. ఇలా చాలా తలలతో నడిచే ఆటోమేటిక్ మిషన్లని జపాన్ వాళ్ల తజిమా 1964లోనే తయారుచేసింది. నా ఒంటితల మిషను ముందు నుంచుని గర్వపడే నేను ఆ వరస చూసి కాసేపు మాట్లాడలేదు.

“యాడనుంచి వస్తిరమ్మా?” వెనకనుంచి తెలుగు.

అరవై దాటిన మనిషి. చొక్కా జేబులో చిన్న కత్తెర. విజయనగర కాలంలోనో మదురై నాయకుల కాలంలోనో ఇటు తరలివచ్చిన వాళ్ల సంతతి కొంగునాట ఊరూరా ఉంది. ఇంట్లో తెలుగు, బయట తమిళం. నేను తెనాలి అన్నాను. “అది యాడుండాది?” అన్నాడు. చెప్పాక తల ఊపి సంచీ విప్పమన్నాడు.

ఒక టీషర్టు తీసి వెనక్కి తిప్పాడు. ముందువైపు చూడనే లేదు. బనియన్ పనిలో వెనకవైపే జాతకమట. గుడ్డ అడుగున నేను ఆధారంగా వేసిన చింపే కాగితం కుట్ల అంచున చిరిగిపోయి ఉంది. “పట్టు జాకెట్టుకి వేసే కాగితం ఇది. కుట్టినంక చింపేస్తే గుడ్డకు ఆధారమేముండాది?” అన్నాడు. తర్వాత గుండ్రటి కట్టరుతో నా షర్టు వీపు మీద ఒక బిళ్ల కోసి చిన్న తక్కెడలో పెట్టాడు. 1.6 గ్రాములు. ఆ బిళ్ల సరిగ్గా 100 చదరపు సెంటీమీటర్లుంటుంది కాబట్టి చదరపు మీటరుకి 160 గ్రాముల గుడ్డ. పలచటి సింగిల్ జెర్సీ. పాడైన షర్టే అయినా, దానికి కన్నం పడుతుంటే నా కడుపులో కలుక్కుమంది.

“ఫ్రేములో ఎట్ల పెడ్తిరి?”

పెట్టి చూపించాను. చిన్నప్పుడు నాకు మగ్గం నేర్పినావిడ, గుడ్డని వేలితో మీటితే డప్పులా మోగాలనేది. అలాగే నాలుగువైపులా లాగి, మర బిగించి, వేలితో మీటాను. మోగింది. ఆయన నుదురు కొట్టుకున్నాడు.

నేత గుడ్డలో పడుగు, పేక ఒకదాన్నొకటి అడ్డుకుని నిలబడతాయి. లాగినా పెద్దగా సాగవు. బనియన్ గుడ్డలో పడుగూ లేదు, పేకా లేదు. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదాన్లోంచి ఒకటి దూరి అల్లుకుంటుంది. లాగితే ఉచ్చు తిన్నగా సాగుతుంది, వదిలితే మళ్లీ గుండ్రమవుతుంది. నేను లాగి బిగించి, అలా సాగి ఉన్న గుడ్డ మీద వేల కుట్లు వేసి దాన్ని అక్కడే మేకులు కొట్టినట్టు నిలబెట్టాను. ఫ్రేము విప్పగానే చుట్టూ ఉన్న గుడ్డ తన కొలతకి తాను తిరిగిపోయింది. కుట్ల కింద ఉన్నది పోలేకపోయింది. ఇంకేముంది, అప్పడం. పన్నెండేళ్లు నాకు అన్నం పెట్టిన ఒడుపే ఇక్కడ నా నోట మట్టి కొట్టింది.

“గుడ్డను బిగించొద్దు. కాగితాన్ని బిగించు” అన్నాడు ఆయన. ‘మీరు’ పోయి ‘నువ్వు’లోకి వచ్చేశాడు. నాకు అదే బాగుంది.

కత్తిరించే రకం కాగితాన్ని ఫ్రేములో గట్టిగా బిగించాడు. చింపితే చిరగదది, కుట్టాక చుట్టూ కత్తెరతో కోయాలి, లోపల ఉన్నది షర్టు బతికినన్నాళ్లూ కుట్లని మోస్తుంది. దాని మీద జిగురు స్ప్రే పలచగా కొట్టి, గుడ్డని పసిబిడ్డ మీద దుప్పటి కప్పినట్టు పరిచి అరచేత్తో నిమిరాడు. లాగలేదు. సూది కూడా మార్చాడు. నాది మొనదేలిన సూది, ఉచ్చుని కోస్తూ పోతుంది. అక్కడ మొదలైన చిల్లు ఉతికేకొద్దీ నిచ్చెనలా జారుతుంది. ఆయన పెట్టింది గుండు మొన ఉన్న 75 నంబరు సూది. అది ఉచ్చుని పక్కకి తోసి సందులోంచి దిగుతుంది. కాలరు టీషర్టుల గరుకు పికే గుడ్డయితే, కుట్లు గుంటల్లోకి దిగిపోకుండా పైన కూడా నీళ్లలో కరిగే పలచటి పొర వేయాలట. ఇక మిషను వేగం. నేను నిమిషానికి 850 కుట్లు కొట్టించేదాన్ని. “కొంజం నిదానం” అని 600కి దించాడు.

అసలు గొడవ డిజైనులోనే ఉందని ఆ తర్వాత తేలింది. నేను బంతిని నిండుగా పూడ్చి, దాని మీద గీతలు కుట్టి, చుట్టూ రెండు వరసల అంచు తిప్పాను. మొత్తం 9,000 కుట్లు దాటింది. అంత బరువుని 160 గ్రాముల గుడ్డ మోయదు. బంతి లోపలి పూడిక తీసేయమన్నాడు. షర్టు రంగే బంతి రంగు, గీతలు కుడితే చాలు. ముందుగా వలలాంటి పలచటి అడుగుకుట్టు వేసి గుడ్డని కాగితానికి కట్టేయాలి, పైకుట్టు మధ్యలోంచి అంచులకి పోవాలి. అంచుల నుంచి లోపలికి వస్తే గుడ్డ మధ్యలో పోగుపడి బొడ్డులా లేస్తుంది. లెక్క 5,000 కుట్లకి దిగింది. కుట్ల లెక్కన డబ్బులు తీసుకునే వ్యాపారంలో కుట్లు తగ్గించమని చెప్పే మనిషి దొరకడం నా అదృష్టం.

అక్షరాల దగ్గర చిక్కొచ్చింది. ఆయనకి తెలుగు చదవడం రాదు. ఇంట్లో ఎవరికీ రాదట. తెర మీద ‘తెనాలి’ని పెద్దది చేసి బొమ్మలా చూస్తూ అడిగాడు, “ఈ పైన ఉండే కొక్కెమేమి?”

“ఎత్వం.”

“ఇది?”

“గుడి.”

“గుడా? దేవుడుండే గుడా?”

కాదని చెప్పబోయి నవ్వేశాను. ఆయనా నవ్వాడు. చాలా జాగ్రత్తగా, తాను పలకగలిగీ చదవలేని ఆ అక్షరాల అంచుల వెంట మౌసు తిప్పుకుంటూ పోయాడు. “గుడిలో ఖాళీ వదలాల. లేకపోతే దారం లావుకి మూసుకుపోతాది” అన్నాడు. తమిళ అక్షరాలకి మూలలుంటాయి, మనవన్నీ గుండ్రాలే, అందుకే ఎక్కువ ఇబ్బంది అని ఆయన తీర్పు. మూలల సంగతేమో గానీ, మన అక్షరాలు సన్నగా కుట్టడం కష్టమన్నది మాత్రం నిజం.

ఇంకో సంగతి నన్ను నీరుగార్చింది. తిరుప్పూరు యూనిట్లలో ఎక్కువగా షర్టు కుట్టకముందే, కత్తిరించిన ముక్క మీదే ఎంబ్రాయిడరీ చేస్తారు. బల్లపరుపు ముక్క, వెనక ఏదీ అడ్డం రాదు. నాకేమో రెడీమేడ్ షర్టులొస్తాయి, ఏమరుపాటున వీపు కూడా కలిపి కుట్టేస్తాను. ఆ కష్టానికి ఆయన దగ్గర మందు లేదు. “జాగ్రత్తగా తొడుగు” అన్నాడంతే.

రాత్రి స్టేషను దగ్గర లాడ్జిలో పడుకున్నాను. పొద్దున్నే ఖాదర్‌పేట వెళ్లి, పదకొండింటికి బదులు పదమూడు టీషర్టులు బేరమాడి కొన్నాను. రెండు ప్రాణాలు అదనంగా ఉంటే మంచిదని. మళ్లీ యూనిట్‌కి వెళ్లి వాటిలో ఒకటి నా చేత్తోనే కుట్టాను. ఫ్రేము విప్పాను. బల్లమీద పరిస్తే బల్లలాగే ఉంది. ఎగిరి గంతేద్దామనుకుంటే ఆయన దాన్ని తీసుకెళ్లి బకెట్ నీళ్లలో ముంచాడు. గుడ్డ నూలు, దారం పాలియెస్టర్. ఉతికితే గుడ్డ కుంచించుకుంటుంది, దారం కుంచించుకోదు. “ఉతికినంక చెప్పు, బాగుండాదో లేదో” అని పిండి నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం శబరి ఎక్కాను. ఆ తడి టీషర్టుని బెర్తు పక్క కొక్కేనికి తగిలించాను. స్వాములు శబరిమల నుంచి తిరిగొస్తున్నారు, అరవణ డబ్బా మూత తీసి ఒకాయన నాక్కూడా పెట్టాడు. కాట్పాడి దాటాక లేచి సెల్‌ఫోన్ వెలుగులో చూశాను. ఇంకా చెమ్మగానే ఉంది. ఒంగోలుకి ఆరిపోయింది. బంతి చుట్టూ అలల్లేవు. ఎత్వం కుదిరింది, దీర్ఘం కుదిరింది. ‘లి’ మీది గుడి మాత్రం మూసుకుపోయింది. సంచీలోంచి పెన్ను తీసి, టిక్కెట్టు వెనక రాసుకున్నాను: గుడి అర మిల్లీమీటరు తెరవాలి.