పదో రోజు దాకా

"రాత్రి పన్నెండింటికి మీ ఊళ్లో బండి దొరుకుతుందా అమ్మా?"

పిల్లవాడి నోరు తెరిపించకముందే ఆ డాక్టరు తల్లిని అడిగిన మాట ఇది. మార్కాపురంలో ఒక చిన్న చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి. ఎవరి పేర్లూ రాయనంటే లోపల కూర్చోనిచ్చారు. వేసవి సెలవులు కావడంతో వరండా నిండా పిల్లలే. కంభం, బేస్తవారిపేట, అర్ధవీడు, దోర్నాల, గిద్దలూరు దాటి కొమరోలు నుంచి కూడా వచ్చారు. బడి పోకుండా ఈ రెండు నెలల్లోనే టాన్సిల్స్ తీయించేయాలని ఇక్కడి అమ్మానాన్నల ఆత్రం.

అర్ధవీడు వైపు నుంచి వచ్చిన ఆ తల్లి ఆరేళ్ల కొడుకుని ఒళ్లో పెట్టుకుని, "నెలకోసారి జరం సార్. అన్నం మింగలేడు. అవి తీసేస్తే పీడ పోద్ది" అంది. డాక్టరు టార్చి వేశారు. చిన్నాలుకకు అటూ ఇటూ ఎర్రగా, ఉబ్బెత్తుగా రెండు గడ్డలు. ఆ వయసులో అవి పెద్దగా ఉండటం మామూలేనట. ఒంటికి రోగాలతో పోరాడటం నేర్పే కణజాలం కాబట్టి చిన్నప్పుడు పెరుగుతాయి, పదేళ్లు దాటాక చాలామందిలో వాటంతటవే కుంచించుకుపోతాయి. పెద్దగా కనిపించినంత మాత్రాన కోయకూడదు.

ఆయన లెక్క వేరు. ఏడాదిలో ఏడుసార్లు గొంతు జబ్బు రావాలి. లేదా ఏడాదికి అయిదేసి చొప్పున రెండేళ్లు, మూడేసి చొప్పున మూడేళ్లు. వచ్చిన ప్రతిసారీ గొంతునొప్పితో పాటు జ్వరం 101 దాటడమో, మెడ దగ్గర బిళ్లలు కట్టడమో, టాన్సిల్ మీద చీము తెల్లగా కనిపించడమో ఉండాలి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జాక్ పారడైజ్ అనే పిల్లల డాక్టరు, ఆయన సహచరులు 1984లో ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చిన కొలత ఇది. ఇంత తీవ్రంగా బాధపడే పిల్లలకే ఆపరేషన్ వల్ల తర్వాతి రెండేళ్లు మేలు కనిపించింది. ఇంతకన్నా తక్కువ బాధ ఉన్నవాళ్ల మీద అదే బృందం 2002లో ఇంకో అధ్యయనం వెలువరించింది. వాళ్లకు ఒరిగే కొద్దిపాటి మేలు కోసం కత్తి పట్టడం తగదని తేల్చింది.

తల్లిని కూర్చోబెట్టి ఒక్కో జ్వరం గుర్తు చేయిస్తే నాలుగు తేలాయి. అందులో రెండు దగ్గు, జలుబుతో వచ్చినవి. మరి మా నీళ్ల వల్లేనా సార్ ఇదంతా అని అడిగింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ప్రాంతం కదా, ఏ జబ్బు వచ్చినా ముందు అనుమానం నీళ్ల మీదికే పోతుంది. ఫ్లోరైడ్ చెరుపు పళ్లకూ ఎముకలకూ గానీ గొంతుకు కాదని చెప్పి, ఒక చిన్న నోటు పుస్తకం చేతిలో పెట్టారు. జ్వరం వచ్చిన తేదీ, థర్మామీటరు చూపిన అంకె, వాడిన మందు రాసుకురమ్మన్నారు. ఆపరేషన్ కోసం ఛార్జీలు పెట్టుకుని వచ్చిన మనిషికి అది నిరాశే. ఆ పుస్తకం ఇవ్వడానికి పట్టిన పావుగంటలో ఆపరేషన్‌కి ఒప్పేసుకోవడం ఏ డాక్టరుకైనా తేలిక. ఒప్పుకోనందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

టాన్సిల్స్ విషయంలో డాక్టరు కన్ను ఎంత మోసపోతుందో చెప్పే పాత ఉదంతం ఒకటుంది. 1934లో న్యూయార్క్ బడిపిల్లలు వెయ్యి మందిని పరీక్షిస్తే, 61 శాతం మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేసి ఉన్నాయి. మిగిలినవాళ్లను బడి డాక్టర్లకు చూపిస్తే 45 శాతం మందికి తీయాలన్నారు. అక్కర్లేదన్నవాళ్లను మరికొందరు డాక్టర్లకు చూపిస్తే, వాళ్లలోనూ 46 శాతం మందికి తీయాలన్నారు. ఆ వడపోతలోనూ మిగిలినవాళ్లను మూడోసారి చూపిస్తే 44 శాతం. ఎవరి ముందు నిలబెట్టినా దాదాపు సగం మంది కత్తి కిందికే వెళ్లేవాళ్లు. నోటు పుస్తకం విలువ ఇక్కడ తెలుస్తుంది.

తర్వాత వచ్చింది గిద్దలూరు అవతలి పల్లె నుంచి ఒక అవ్వ, మనవరాలితో. పాప అమ్మానాన్నలు హైదరాబాదులో భవనాల పనికి పోయారు. ఈ ప్రాంతంలో వాన మొహం చాటేసిన ఏడు ఎన్నో ఇళ్లలో అవ్వాతాతలూ పిల్లలే మిగులుతారు. పాపకు జ్వరం లేదు, గొంతునొప్పి లేదు. బడిలో కునుకుతోందని టీచరు కబురు పెడితే తీసుకొచ్చింది. నోరు తెరుచుకునే ఉంది, కళ్ల కింద నల్లని చారలు. "గురక పెడుతుందా అవ్వా?" అంటే, "వాళ్ల తాతకన్నా గట్టిగా పెడుతుంది నాయనా, మంచి నిద్ర పడుతోందనుకున్నా" అంది. పక్క తడుపుతోందని కూడా తర్వాత మెల్లగా చెప్పింది.

నిద్రలో తీసిన వీడియో పక్కింటి అబ్బాయి ఫోన్ నుంచి తెప్పించారు. గురక, గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం. ఛాతీ ఎగుస్తోంది గానీ గాలి ఆడటం లేదు. తర్వాత ఉలిక్కిపడి ఒక్క పెద్ద ఊపిరి. ముక్కు వెనక అడినాయిడ్స్, గొంతులో టాన్సిల్స్ కలిసి దారి మూసేస్తున్నాయి. జ్వరాలతో వచ్చే పిల్లలను అందరూ గుర్తిస్తారు, ఇలా గురకపెట్టే పిల్లలను మొద్దులనో సోమరులనో అనుకుని వదిలేస్తారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. 2013లో అమెరికాలో 464 మంది ఇలాంటి పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ఏడు నెలల తర్వాత నిద్ర పరీక్ష మామూలుకి వచ్చినవాళ్లు ఆపరేషన్ అయినవారిలో 79 శాతం, ఆగి చూసినవారిలో 46 శాతం. ఏకాగ్రత పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు గానీ నిద్ర, ప్రవర్తన బాగుపడ్డాయి. అంటే కొందరికి ఆగినా ఫర్వాలేదు. ఊపిరి ఇంతగా ఆగిపోతున్న ఈ పాప విషయంలో మాత్రం డాక్టరు ఆగదలుచుకోలేదు.

ఆ రోజు ఆపరేషన్ ఇంకో పిల్లవాడికి. కంభం నుంచి వచ్చాడు. తెల్లారుజామున ఏడుస్తుంటే చూడలేక నాయనమ్మ పాలు, బిస్కట్లు పెట్టేసింది. మత్తులో వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. మత్తు డాక్టరు మధ్యాహ్నానికి వాయిదా వేశారు. కసురుకోలేదు, నిజం చెప్పినందుకు ఆమెను మెచ్చుకున్నారు.

లోపల ముందు ఊగే పాలపళ్లు ఉన్నాయేమో చూశారు. మత్తిచ్చి, ఊపిరికి గొట్టం వేసి, భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చారు. నోరు మూసుకుపోకుండా బాయిల్ డేవిస్ గ్యాగ్ అనే ఇనుప చట్రం బిగించారు. డాక్టరు తల దగ్గర కూర్చుని, టాన్సిల్‌ని పట్టుకారుతో లోపలికి లాగి, పై పొర కోసి, కండ నుంచి మెల్లగా విడదీశారు. చిన్న ఉసిరికాయంత ముద్ద ట్రేలో పడింది. గాజుగుడ్డ నొక్కి పట్టి, రక్తం చిమ్మే చోట కరెంటు పరికరంతో కాల్చారు. రెండో వైపూ అంతే. గ్యాగ్ వదులు చేసి, కాసేపాగి మళ్లీ చూశారు. ముక్కు వెనక గడ్డకట్టిన రక్తం మిగిలితే మెలకువ వచ్చేటప్పుడు జారి ఊపిరికి అడ్డం పడుతుందట. మొత్తం అరగంట పైన పట్టి ఉంటుంది.

పక్కకు తిప్పి పడుకోబెట్టాక సిస్టర్ అక్కడి నుంచి కదల్లేదు. ఆమె చూపు పిల్లవాడి గొంతు మీదే. నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే రక్తం లోపలికి పోతున్నట్టు. బయటికి చుక్క కూడా కనిపించదు.

ఇంటికి పంపేటప్పుడు చెప్పే మాటలకు చాలా సమయం తీసుకున్నారు. మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా నొప్పి ముదురుతుంది, చెవిలోకి పోటు వస్తుంది. గొంతులో తెల్లటి పొర కడుతుంది, అది చీము కాదు. నీళ్లు తాగకపోతే నొప్పి పెరుగుతుంది, ఈ ఎండల్లో మరీ ప్రమాదం. ఐస్‌క్రీమ్ పెట్టొచ్చంటే నాయనమ్మ నమ్మలేదు. తమకు తోచిన నొప్పి మాత్రలు వేయొద్దు. కోడీన్ ఉన్న మందులు ఈ ఆపరేషన్ తర్వాత పిల్లలకు వాడకూడదని అమెరికా ఔషధ సంస్థ 2013లో గట్టిగా హెచ్చరించింది. కొందరి ఒంట్లో అది అతివేగంగా మార్ఫిన్‌గా మారి ఊపిరి ఆపేస్తుంది.

అసలు సంగతి అయిదు నుంచి పది రోజుల మధ్య. ఆ తెల్లపొర ఊడేటప్పుడు నూటికి ఇద్దరు ముగ్గురికి మళ్లీ రక్తం రావచ్చు. పిల్లవాడు లేచి ఆడుకుంటుంటాడు, అందరూ ధీమాగా ఉంటారు. పదిహేను కిలోల పిల్లవాడి ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి లీటరుంబావు కూడా ఉండదు. పెద్దవాళ్లకు ఫర్వాలేదనిపించే రక్తం పిల్లవాడికి చాలా ఎక్కువ. అందుకే ఆ మొదటి ప్రశ్న. గిద్దలూరు నుంచి ఒంగోలు సర్వజన ఆసుపత్రికి దాదాపు 145 కిలోమీటర్లు. 2023లో వైద్య కళాశాల మొదలైన నంద్యాల దగ్గరే గానీ నల్లమల ఘాట్ దాటాలి. అడవి లోపలి పాలుట్ల లాంటి చెంచుగూడేల నుంచైతే తారురోడ్డు దాకా రావడమే గగనం. మార్కాపురానికి మంజూరైన వైద్య కళాశాల నిండుగా నడవడం ఈ పిల్లలకు ఎంత అవసరమో ఈ దూరాలే చెబుతాయి. రాత్రిపూట గొంతు డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం మూడూ ఒకచోట ఉండాలి.

గిద్దలూరు అవ్వకు తేదీ ఇచ్చారు, షరతుతో. ఆపరేషన్ అయ్యాక పది రోజులు ఊరికి పోకూడదు. రెండు బర్రెలున్నాయి, ఎవరు చూస్తారంది అవ్వ. చివరికి ఇక్కడే తర్లుపాడు రోడ్డులో ఉండే చిన్న కూతురింట్లో దిగడానికి, బర్రెల్ని తోడికోడలికి అప్పగించడానికి ఒప్పుకుంది. హైదరాబాదులో ఉన్న కొడుకుతో డాక్టరే ఫోన్లో మాట్లాడారు. ఆ పది రోజులూ పాప అమ్మానాన్నల్లో ఒకరు పని మానుకుని రావాలన్నారు. తల్లి వస్తుందని అటు నుంచి జవాబు వచ్చింది.