ఆరు పెట్టెలు – ఒక మాట

ఇంట్లో రేడియో ఒక్కటే ఉన్న రోజుల్లో వైర్ల గొడవ లేదు. దానికో ప్లగ్గు, ఓ ఏరియలు, అంతే సంగతులు. ఇప్పుడో? సామాన్య రైతు ఇంట్లో కూడా టి.వి., దాని కింద సెట్‌టాప్ బాక్సు, మూలన పాత డి.వి.డి. ప్లేయరు, మనిషికో సెల్‌ఫోను. అన్నిటికీ గొంతులున్నాయి. ఆ గొంతులన్నిటినీ ఒకే సరౌండ్ సౌండ్ సెట్టుకి కలపడం పైకి కనిపించినంత చిన్న పనీ కాదు, అలాగని బ్రహ్మవిద్యా కాదు. యూనియన్ వారు ఏదో ఒకటి రాయమన్నారు గనక ఆ సంగతే రాస్తున్నాను.

మా బావగారు హైదరాబాదులో ఇల్లు మారుతూ తన సెట్టుని మాకు పంపించేశారు. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, దరువుకి ఓ పెద్ద పెట్టె. దీన్నే అయిదు పాయింటు ఒకటి అంటారు. ఆ చివరి 'ఒకటి' పూర్తి ఛానలు కాదు. సుమారు 120 హెర్ట్‌జ్‌కి దిగువనుండే గుమ్ములు మాత్రమే దాని వాటా. వీటన్నిటికీ పెద్ద, రిసీవరు. సెలవులకి నేను ఊరెళ్లేసరికే ఎవరో కుర్రాడు వచ్చి, టి.వి. వెనక ఇయర్‌ఫోను రంధ్రం నుంచి ఓ వైరు లాగి బిగించి వెళ్లాడు. శబ్దమైతే వస్తోంది. గోడలదురుతున్నాయి. ఊళ్లో మాకు పేరే వచ్చింది.

తాతయ్య మాత్రం హాల్లోకి రావడం మానేశాడు. "వాళ్లు ఉరుముతున్నారే గాని మాట్లాడటల్లేదురా అబ్బాయ్" అని అరుగుమీద చేరాడు. ఎనభై దాటిన మనిషి. చెవుడొచ్చిందని ఇంట్లో తీర్మానించేశారు. చెవి మిషను కొందామన్నందుకు నాన్న మీద గయ్యిమన్నాడట. సాయంత్రమయ్యేసరికి అందరం లోపలా, ఆయనొక్కడూ బయటా. ఇది నాకేం బాగుండలేదు.

చెవుడు కొంత నిజమే. వయసు మీద పడేకొద్దీ సాధారణంగా ముందు తగ్గేది ఎక్కువ పౌనఃపున్యాల వినికిడి. అచ్చుల బలమంతా కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, ష, త, క లాంటి హల్లుల గుర్తులు పైన ఉంటాయి. హల్లు పోతే మాట పోయినట్టే, 'పాలు'కీ 'కాలు'కీ తేడా తెలియదు. దానికి తోడు పెద్ద పెట్టె దరువు కప్పేస్తుంటే ఎనభై ఏళ్ల చెవి ఏం చేస్తుంది? నిజానికి అయిదు పాయింటు ఒకటి సినిమాల్లో సంభాషణల్ని ఎక్కువగా మధ్య స్పీకరుకే ఇస్తారు, మాట తెరలోంచే వచ్చినట్టుండాలని. మా ఇంట్లో ఆ మధ్య స్పీకరుకి విడిగా అందుతున్నదేమీ లేదు. ఇయర్‌ఫోను రంధ్రంలో వచ్చేవి కుడి, ఎడమ, రెండే ఛానళ్లు. వాటినే రిసీవరు అన్నిటికీ పంచిపెడుతోంది.

కలపడానికి రెండు దారులున్నాయి. పరికరాలన్నీ రిసీవరుకిచ్చి, అక్కణ్ణుంచి ఒక వైరు టి.వి.కి ఇవ్వొచ్చు. లేదా అన్నీ టి.వి.కిచ్చి, అక్కణ్ణుంచి ఒకటి రిసీవరుకి ఇవ్వొచ్చు. ఒకే బోరు కింద నలుగురు రైతులు వంతులేసుకున్నట్టు, ఎలా కలిపినా ఒకసారి ఒకరికే తూము తెరుస్తాం. నేను రెండు దారులూ వాడాను. సెట్‌టాప్ బాక్సుని హెచ్.డి.ఎం.ఐ. వైరుతో రిసీవరుకే ఇచ్చాను. ఇంటర్నెట్టు సినిమాలు టి.వి. లోపలే ఆడతాయి గనక వాటి శబ్దం వెనక్కి రావాలి. దానికోసం 2009లో హెచ్.డి.ఎం.ఐ. 1.4తో 'ఆర్క్' అనే ఏర్పాటు వచ్చింది. బొమ్మ టి.వి.కి వెళ్లే వైరులోనే శబ్దం ఎదురొస్తుంది. రెండు వైపులా 'ఆర్క్' అని రాసున్న రంధ్రాల్లోనే పెట్టాలి, పక్కదాంట్లో పెడితే మౌనవ్రతమే. డి.వి.డి. ప్లేయరు ముసలిది, హెచ్.డి.ఎం.ఐ. లేదు. బొమ్మకి పసుపు పిన్ను, శబ్దానికి నారింజ రంగు కోయాక్సియల్ రంధ్రం ఉన్నాయి. ఆ ఒక్క వైరులోనే అన్ని ఛానళ్లూ కుదించుకుని వస్తాయి. ఫోన్లకి బ్లూటూత్ చాలు. పాటలకి బాగానే ఉంటుంది గాని, బొమ్మ చూస్తూ వింటే ఒక్కోసారి పెదవి ముందు, మాట వెనక.

ఇన్ని చేసినా టి.వి. సినిమా పెడితే రిసీవరు రెండు ఛానళ్లనే చూపిస్తోంది. గుట్టు టి.వి. మెనూలో ఉంది. శబ్దం 'పి.సి.ఎం.' మీద పెట్టి ఉంది. ఆర్క్ దారిలో పి.సి.ఎం. అంటే రెండు ఛానళ్లే. 'బిట్‌స్ట్రీమ్'కి మార్చగానే డాల్బీ డిజిటల్ అని అక్షరాలు వెలిగాయి. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని ఇళ్లలో ఆరు పెట్టెలు రెండింటి పని చేస్తున్నాయో! తయారుచేసేవాళ్లు దాన్ని అంత లోతున ఎందుకు దాస్తారో నాకర్థం కాదు.

నాన్నది మోటారు స్టార్టర్లు విప్పి బిగించే చెయ్యి. ఎర్ర తీగ, నల్ల తీగ అన్నిటికీ ఒకే తీరుగా ఉండాలన్నాను. "ఫేజు మారితే మోటారు తిరగబడినట్టా?" అన్నాడు. సరిగ్గా అదే కాదు గాని దగ్గర చుట్టమే. ఒక స్పీకరు కాగితం గాలిని ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగితే దరువు చచ్చిపోతుంది. గుర్తులు చెరిగిన వైర్లని రిసీవరు నుంచి ఊడదీసి టార్చిలైటు బ్యాటరీ ఆనించి చూశాం. ఎరుపుకి ప్లస్ తగిలితే కాగితం ముందుకొస్తుంది. తర్వాత టేపుతో దూరాలు కొలిచాం. కూర్చునే చోటికి ముందువి 3 మీటర్లు, వెనకవి ఒకటిన్నర. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది గనక, వెనకవాటిని 4 మిల్లీసెకన్ల పైచిలుకు ఆపితే అన్నీ కలిసి చేరతాయి. దూరాలు చెబితే చాలు, ఆపే పని రిసీవరే చూసుకుంటుంది.

మధ్య స్పీకరుని 4 డెసిబెల్స్ పెంచి, పెద్ద పెట్టెని తగ్గించి తాతయ్యని పిలిచాను. రానన్నాడు. 'మాయాబజార్' అన్నాను. వచ్చాడు.

1957 నాటి సినిమా. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు ధ్వనిని డి.టి.ఎస్.కి మార్చారు గాని, మా ఇంట్లోది పాత నలుపు తెలుపు డిస్కు. అందులో ఉన్నది ఒకే ధ్వని, కుడికీ ఎడమకీ అదే. ఎన్ని వైర్లు వేసినా అందులోంచి అయిదు పుట్టవు. కాని రిసీవర్లో డాల్బీ ప్రోలాజిక్ అని ఒకటుంది, 1987 నాటి ఉపాయం. రెండు ఛానళ్లకీ ఉమ్మడిగా ఉన్నది మధ్యకి పోతుంది, తేడా వెనక్కి పోతుంది. కూడిక, తీసివేత, అంతే. రెండూ ఒకటే అయినప్పుడు తేడా సున్నా గదా! అంచేత వెనకవీ పక్కవీ నోరు మూసుకున్నాయి. టి.వి. కింద మధ్య స్పీకరొక్కటే మాట్లాడింది.

"ఇన్ని పెట్టెలు పెట్టి ఒకదాన్నే పలికిస్తావేందిరా?" అన్నాడు బాబాయి.

తాతయ్య చేత్తో ఊరుకోమని సైగ చేశాడు. కాసేపటికి ఘటోత్కచుడి మాటకి నవ్వాడు. మా నవ్వులు చూసి కాదు, మాకంటే ముందే నవ్వాడు. అది నేను గమనించాను. అమ్మా గమనించింది.

కొత్త సినిమాల సంగతి అంత సాఫీగా లేదు. మధ్య స్పీకరు ఉన్నా ఆ దరువుల్లో ఆయనకి సగం మాటలే అందుతాయి, మిగతా సగం నాన్న చెబుతాడు. విసుగొస్తే లేచి అరుగుమీదికి పోతాడు. పాత సినిమా వేళకి మాత్రం మళ్లీ వచ్చి కూర్చుని, "ఆ కూడిక తీసివేత పెట్టమ్మాయ్" అంటాడట అమ్మతో.