లోపలి మర

భోగాపురం, పూసపాటిరేగ తీరాల నుండి మా దుకాణానికి పడవ ఇంజన్లు మరమ్మతుకు వస్తుంటాయి. వాటి పెంకు అల్యూమినియం. బిగించే బోల్టు ఉక్కు. ఉప్పునీటికి ఈ రెండు లోహాలూ పట్టుకుపోతాయి. అప్పుడు బలవంతంగా తిప్పితే బోల్టుతో పాటు రంధ్రంలోని మెత్తని మరలు కూడా ఊడి వస్తాయి.

అరిగిన రంధ్రంలో బంక పూసి బోల్టు బిగించడం అయిదు నిమిషాల పని. బల్ల మీద అది గట్టిగానే కనిపిస్తుంది. ఇంజను వేడెక్కి అదరసాగాకే గుట్టు బయటపడుతుంది. అప్పటికి పడవ ఒడ్డున ఉండదు.

సరైన పద్ధతి వేరు. 6 మిల్లీమీటర్ల బోల్టయితే రంధ్రాన్ని సుమారు 6.3 మిల్లీమీటర్లకు నిటారుగా తొలచాలి. దానికి తగిన ట్యాపుతో కొత్త మరలు కోసి, రజను పూర్తిగా తుడిచి, హెలికాయిల్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కు తీగచుట్టను అందులోకి ఎక్కించాలి. ఇక పాత కొలత బోల్టే మళ్ళీ పడుతుంది; పట్టు మునుపటికన్నా దృఢంగా ఉంటుంది.

రంధ్రం చుట్టూ లోహం పలుచబడితే ఆ చుట్టా నిలవదు. అప్పుడు భాగం మార్చక తప్పదని చెప్పి, మరమ్మతు కూలిని వదులుకోవాలి. వేటకు తొందరపడే జాలరికి ఆ మాట చేదే. అయినా చెప్పితీరాలి.

ఇనుములో ప్రజలకు ప్రయోజనాలున్నాయని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హదీద్ సూరా తెలుపుతున్నది. ఆ ప్రయోజనాన్ని చెడకుండా అందించడం పనివానికి అప్పగించిన అమానత్. జాలరికి కనిపించేది బోల్టు తల మాత్రమే. లోపలి మరను అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుకే మా కూలిని హలాల్ చేస్తుంది.