ఒమాహా... అందరికీ తలుపు తీసిన ఊరు

మిస్సోరి నది మీద వంపులు తిరుగుతూ సాగే వంతెన. దాని మీద కార్లూ బస్సులూ వెళ్లవు. నడిచేవాళ్లకీ సైకిళ్లవాళ్లకే ప్రవేశం. అమెరికాలోని రెండు రాష్ట్రాల సరిహద్దు సరిగ్గా దీని మీదుగానే పోతుంది. ఒక కాలు అయోవాలో, మరో కాలు నెబ్రాస్కాలో పెట్టి ఫొటో తీయించుకోవడం ఒమాహా వచ్చే పర్యాటకులకు సరదా. పిల్లలైతే ఒక్క గంతులో రాష్ట్రం దాటేస్తారు!

ఈ బాబ్ కెర్రీ వంతెన ప్రారంభమైంది 2008 సెప్టెంబరు 28న. సరిగ్గా ఆ వారంలోనే ఒమాహా పేరు మరో కారణంతో దేశమంతా మార్మోగింది. ఆ రోజుల్లో ఈ సరిహద్దు దాటిన పిల్లలందరూ ఆటకోసం దాటలేదు. కొందరిని కన్నవాళ్లే తెచ్చి ఆసుపత్రిలో వదిలేసి వెళ్లిపోయారు.

ఒమాహా అంటే చాలామందికి గుర్తొచ్చేది వారెన్ బఫెట్. ఆ కుబేరుడి సొంతూరు ఇదే. యూనియన్ పసిఫిక్ రైల్వే ప్రధాన కార్యాలయమూ ఇక్కడే ఉంది. మొక్కజొన్న చేల మధ్య హడావుడి తెలియని నగరం. ఇలాంటి చోటికి పిల్లల్ని ఎందుకు తీసుకొచ్చినట్టు?

దానికి కారణం ఒకే ఒక్క మాట. పుట్టిన పసికందుల్ని చెత్తకుండీల్లో పడేయకుండా ఆపేందుకు 1999లో టెక్సాస్ ఓ చట్టం చేసింది. పెంచలేని తల్లి బిడ్డను ఆసుపత్రిలో అప్పగిస్తే, వదిలేసినందుకు ఆమె మీద కేసుండదు. ఒక్కో రాష్ట్రమూ అదే బాట పట్టింది. అందరికన్నా ఆఖరున మేల్కొన్నది నెబ్రాస్కా. ఎన్ని రోజుల బిడ్డ వరకు అనుమతించాలన్న దగ్గర సభ్యులకు పొత్తు కుదరలేదు. చివరికి వయసు రాయకుండా ‘బిడ్డ’ అని మాత్రం రాసి రాజీపడ్డారు. 2008 జులై 18న చట్టం అమల్లోకొచ్చింది. బిడ్డ అంటే పసికందే కానక్కర్లేదు, పద్దెనిమిదేళ్ల కుర్రాడూ బిడ్డే కదా!

ఊరి మధ్యలో ముప్ఫయ్యో వీధి దగ్గర పెద్ద భవనం ఒకటి కనిపిస్తుంది. ఇప్పుడవి అపార్ట్‌మెంట్లు. 2017 వరకూ అది క్రైటన్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం. 2008 సెప్టెంబరు 24 రాత్రి ఓ తండ్రి తొమ్మిది మంది పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికొచ్చాడు. ఏడాది బిడ్డ నుంచి పదిహేడేళ్లవాళ్ల దాకా ఉన్నారు. అంతకు ముందు ఏడాది, కాన్పయిన కొద్దిరోజులకే అతని భార్య చనిపోయింది. ఒంటరిగా ఇంటిని లాక్కురాలేక చేతులెత్తేశాడు. తర్వాత ఆ పిల్లల్ని బంధువులు చేరదీశారు. అదే రాత్రి ఊళ్లోని మరో ఆసుపత్రికి 11, 15 ఏళ్ల అబ్బాయిలు వచ్చారు.

ఆ వార్త బయటికి పాకింది. నదికి అవతలి ఒడ్డునే ఉన్న కౌన్సిల్ బ్లఫ్స్ నుంచి పద్నాలుగేళ్ల అమ్మాయిని ఇంట్లోవాళ్లు తీసుకొచ్చారు. మిషిగన్ నుంచి ఓ తల్లి పదమూడేళ్ల కొడుకుని కార్లో కూర్చోబెట్టుకుని సుమారు 1,200 కిలోమీటర్లు వచ్చింది. ఇండియానా, జార్జియా, ఫ్లోరిడాల నుంచీ వచ్చారు. నవంబరు మూడోవారానికి లెక్క 36కి చేరింది. అందులో ఒక్క పసికందూ లేదు! చాలామంది పదేళ్లు దాటినవాళ్లే.

కన్నవాళ్లకి అంత కఠినమైన గుండె ఎలా వచ్చింది... అని ముక్కున వేలేసుకున్నవాళ్లే ఎక్కువ. కానీ ఆ పిల్లల్లో చాలామంది అప్పటికే మానసిక సమస్యలకు చికిత్స తీసుకున్నవాళ్లు. విపరీతమైన కోపం, ఇంట్లోవాళ్ల మీద చెయ్యి చేసుకోవడం, పారిపోవడం. బీమా డబ్బు కొన్నాళ్లకే అయిపోతుంది. ప్రభుత్వ సేవలకు క్యూ కదలదు. ఇది నెబ్రాస్కా గోడు మాత్రమే కాదు. మానసిక వైద్యం అందించాలన్న ఒకే కారణంతో 2001లో 12,700 మందికి పైగా పిల్లల్ని తల్లిదండ్రులు ప్రభుత్వ సంరక్షణలోకో, బాలనేరస్థుల వ్యవస్థలోకో పంపారని అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ 2003లోనే తేల్చింది. అదీ కొన్ని రాష్ట్రాలూ కౌంటీలూ ఇచ్చిన లెక్కే. వదిలించుకోవడానికి కాదు, వైద్యం చేయించడానికే బిడ్డను వదులుకున్నవాళ్లున్నారన్నమాట.

ఒమాహా నుంచి కారులో గంట ప్రయాణం చేస్తే రాజధాని లింకన్ వస్తుంది. నాలుగొందల అడుగుల శాసనసభ గోపురం, దాని శిఖరాన విత్తనాలు చల్లుతున్న రైతు విగ్రహం ఎంతో దూరం నుంచే కనిపిస్తాయి. అమెరికా మొత్తమ్మీద ఒకే సభ ఉన్న రాష్ట్ర శాసనసభ ఇదొక్కటే. 49 మంది సభ్యులున్న ఆ సభను 2008 నవంబరులో గవర్నర్ డేవ్ హైన్‌మన్ అత్యవసరంగా సమావేశపరిచారు. నవంబరు 21న 43-5 ఓట్లతో సవరణ నెగ్గింది. ఇక 30 రోజుల లోపు శిశువులకే ఆ అవకాశం. 2024లో ఆ గడువును 90 రోజులకు పెంచారు.

పెద్ద పిల్లల వరకు తలుపు మూసుకుంది. మరి ఆ తల్లిదండ్రుల సంగతి? జవాబు కోసం మళ్లీ ఒమాహాకే రావాలి. ఊరికి పడమర దిక్కున బాయ్స్ టౌన్ ఉంది. ఐర్లండ్ నుంచి వచ్చిన ఫాదర్ ఫ్లానగన్ 1917లో, అప్పు తెచ్చిన 90 డాలర్లతో ఓ అద్దె ఇంట్లో అయిదుగురు అబ్బాయిల్ని చేరదీసి మొదలుపెట్టిన ఆశ్రమమది. దిక్కులేని పిల్లలు పెరిగి పెరిగి అదే ఓ ఊరైంది. దీని కథతో 1938లో వచ్చిన సినిమాకి స్పెన్సర్ ట్రేసీ ఆస్కార్ అందుకున్నాడు. తమ్ముణ్ని వీపున మోస్తున్న అన్న విగ్రహం ఈ ఊరికి గుర్తు.

ఆ 36 మంది పిల్లలు వెళ్లాక 2009లో శాసనసభ మరో చట్టం చేసింది. పిల్లలతో వేగలేని కుటుంబాలు ఏ వేళలోనైనా ఫోన్ చేయడానికి ఓ సహాయవాణి, దారి చూపించడానికి మనుషులు ఏర్పాటయ్యారు. 2010లో మొదలైన ఆ సహాయవాణి బాధ్యతను బాయ్స్ టౌన్‌కే అప్పగించారు. ఒక్క ఫోన్‌తో అన్ని కష్టాలూ తీరిపోవు. కానీ బిడ్డను వదులుకుంటే తప్ప సాయం దొరకని చోట, వదులుకోకుండానే సాయం అడగడానికి ఓ గుమ్మం ఏర్పడింది.

సాయంత్రమైతే బాబ్ కెర్రీ వంతెన మీద రంగురంగుల దీపాలు వెలుగుతాయి. తల్లులూ తండ్రులూ పిల్లల్ని నడిపించుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటారు. గీత దగ్గర ఆగి ఫొటోలు తీసుకుంటారు. ఆ తర్వాత పిల్లల చెయ్యి పట్టుకుని ఇంటిదారి పడతారు.