ఆర్థర్ మాచిన్ నాకు నచ్చలేదు, నవల నచ్చింది

డేవిడ్ స్టోరీ ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’ రాత్రి పూర్తి చేశాను. 1960 నాటి నవల. ఉత్తర ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీ పని చేసుకుంటూ రగ్బీ లీగ్ ఆడే ఆర్థర్ మాచిన్ కథ. మొదట్లోనే ఆటలో అతని పళ్లు విరుగుతాయి. అయ్యో అనుకునేలోపే మనిషి మొరటుతనం బయటపడుతుంది. డబ్బు, పేరు వస్తాయి. కానీ తను అద్దెకున్న ఇంటి యజమానురాలు, భర్త పోయిన మిసెస్ హామండ్ దగ్గర ప్రేమను కూడా బలంతో గుంజుకోవాలని చూస్తాడు. ఆ పేజీల దగ్గర కోపంతో పుస్తకం మూసేశాను. మళ్లీ తెరిచాను. కథ చెప్పేది మాచినే అయినా, తనని వెనకేసుకురావడం అతనికి చేతకాదు. అందుకే నమ్మాను.

స్టోరీ స్వయంగా లీడ్స్ క్లబ్‌కు ఆడాడు, ఆ రోజుల్లోనే లండన్‌లోని స్లేడ్‌లో చిత్రకళ చదివాడు. ఆ బురద, ఆ దెబ్బలు ఎరిగినవాడు. మన ఆటల సినిమాల్లో హీరో కప్పు గెలిచేసరికి మంచివాడు కూడా అయిపోతాడు. మాచిన్‌కి మైదానం ఏ సంస్కారమూ నేర్పదు. చప్పట్లు కొట్టేవాళ్లు అది అడగరు కూడా.

1963లో లిండ్సే ఆండర్సన్ దీన్ని సినిమాగా తీశాడు, రిచర్డ్ హారిస్ గొప్పగా చేశాడు. అయినా ముందు నవలే చదవండి.