పునఃపరీక్ష

'పరీక్ష' అన్న మాటను విడదీసి చెప్పమంటే 'పరి' అనగా చుట్టూ, 'ఈక్ష' అనగా చూడటం, సవర్ణదీర్ఘ సంధి అని తరగతిలో ఏళ్ళ తరబడి చెప్పాను. ఆ వ్యుత్పత్తి ఎంత సార్థకమో అరవై దాటాక, మూత్రకోశ వైద్యుని బల్ల మీద పడుకున్నప్పుడు బోధపడింది.

మూడు నెలల క్రితం నాకు మూత్రాశయంలోని చిన్న కణితిని తొలగించారు. పైన కోత లేదు, కుట్టు లేదు. మూత్రమార్గం గుండానే పరికరాన్ని పంపి గీకి తీశారు. కణితి లోపలి పొరకే పరిమితమైనదనీ, కండరాన్ని తాకలేదనీ, తీవ్రత తక్కువ తరగతిదనీ నివేదిక వచ్చింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఈ వ్యాధికి ఒక దుర్గుణం ఉంది: తీసిన చోటో, మరో చోటో మళ్ళీ మొలకెత్తడం. అందుకే మూడో నెలలో చేసే పునఃపరీక్ష అతి ముఖ్యమైనదని వైద్యులు చెబుతారు.

దాని పేరు సిస్టోస్కోపీ. మత్తు జెల్లీ పూసి, పెన్సిలు కంటె సన్నని, వంగే గొట్టాన్ని లోనికి పంపుతారు. ఉప్పునీటితో సంచిని నింపి, గోడలన్నీ చుట్టూ తిప్పి చూస్తారు. మంట కొద్దిపాటిదే; భయమే పెద్దది. తెర మీద లేత గులాబీ రంగు గోడ, దాని మీద ఆకు ఈనెల వంటి రక్తనాళాలు, ఒక మూల పాత గాయపు తెల్లని మచ్చ కనిపించాయి. ఆ మచ్చ దగ్గర వైద్యుడు కాసేపు ఆగాడు. ఆ కాసేపు నాకు ఒక యుగం. "ఏమీ లేదండీ" అన్నాడు. 1877లో జర్మనీ వైద్యుడు మాక్స్ నిట్జే లోపలే దీపం వెలిగే పరికరాన్ని ప్రదర్శించాడట. ఆ దీపానికి మనసులోనే నమస్కరించాను.

బయట వేచి ఉన్నవారిలో కొందరు బీసీజీ కోసం వచ్చినవారు. మన పిల్లల ఎడమ భుజం మీద మచ్చ మిగిల్చే క్షయ టీకాయే అది! తీవ్రత హెచ్చుగా ఉన్నవారికి మూత్రాశయంలోనే పోస్తారు. శరీరపు రక్షణశక్తిని అక్కడికి రప్పించే ఈ ఉపాయాన్ని కెనడా వైద్యుడు మొరాలెస్ 1976లో లోకానికి తెలిపాడు.

మల్కాపురంలో ఎవరికి ఏ జబ్బు వచ్చినా వేలు రిఫైనరీ వైపే చూపుతుంది. ఒక్క మనిషి రోగానికి ఒక్క కారణాన్ని నిర్ధారించడం వైద్యులకూ సాధ్యం కాదు. రంగుల కర్మాగారపు కార్మికులలో ఈ జబ్బును లుడ్విగ్ రేన్ 1895లోనే గుర్తించాడు. అయితే నేడు తెలిసిన కారణాలలో ప్రథమస్థానం పొగాకుదే. పొగలోని విషాన్ని మూత్రపిండాలు వడకడతాయి. అది మూత్రాశయంలో గంటల తరబడి నిలువ ఉంటుంది. నేను పొగ తాగను, అయినా వచ్చింది.

మనలో చాలామంది ఈ అవయవం పేరెత్తడానికే సంకోచిస్తారు. "పొట్టలో ఏదో ఆపరేషను" అని దాటవేస్తారు. ఉదయపు నడకలో ఒక మిత్రునితో నేను దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా నడిచి, తనకూ ఒకసారి మూత్రం ఎర్రగా వచ్చిందనీ, నొప్పి లేదు గదా అని ఇంట్లో చెప్పలేదనీ అన్నాడు. నొప్పి లేని ఎరుపునే మరింత అనుమానించాలి. ఒక్కసారి కనబడి మాయమైనా సరే. ఆ వారమే చూపించుకున్నాడు. రాయి అని తేలింది.

నన్ను మళ్ళీ తొమ్మిది నెలలకు రమ్మన్నారు. ఆపైన అయిదేళ్ళ వరకు ఏడాదికొకసారి. ఉత్తీర్ణత పత్రం ఇవ్వని పరీక్ష ఇది. హాజరు మాత్రం తప్పనిసరి.